పెద్దసారు కబుర్లు: పది అడుగుల ఎత్తున బుట్ట

పిల్లలూ!

మా ఊరు జైపూరు. ఆ పేరు వినగానే మీలో చాలామందికి రాజస్థానంలో ఉన్న గులాబీరంగు నగరం గుర్తుకు వస్తుంది. అది వేరు, ఇది వేరు. మాది మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే దారిలో ఉన్న ఊరు. ఒక పక్క ఇందారం బొగ్గు బాయి, మరొక పక్క సింగరేణి వారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రం. ఇక్కడ ఇంట్లో గడియారం ఆగిపోయినా ఫరవాలేదు. షిఫ్టుకు పోయేవారినీ, షిఫ్టు దిగి వచ్చేవారినీ చూసి వేళ చెప్పవచ్చు.

పోయిన నెల ఒకనాటి సాయంత్రం, మొదటి షిఫ్టు దిగిన బాయి కార్మికుడు ఒకాయన తన కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తండ్రి తిన్నగా నడిచి లోపలికి వచ్చాడు. కొడుకు మటుకు తల బాగా వంచుకుని వచ్చాడు. వినయంతో అనుకునేరు! వంచకపోతే గడప పైకమ్మి నుదుటికి తగులుతుంది. ఆ కుర్రవాడు ఎనిమిదో తరగతి. వయసు 13 ఏళ్ళు. ఎత్తు ఆరడుగులకు ఒక్క అంగుళం తక్కువ. బడిలో వాడి అసలు పేరు అందరూ మరచిపోయారు, “తాటిచెట్టు” అనే పిలుస్తారు.

సంగతి ఏమిటంటే, మంచిర్యాలలో జరిగిన ఆటల పోటీలో వీణ్ణి ఎవరో చూశారట. “ఈ కుర్రవాణ్ణి దూరాన ఉన్న ఫలానా శిక్షణ కేంద్రానికి పంపండి, బాస్కెట్‌బాల్ నేర్పుతాం, పెద్ద ఆటగాడవుతాడు, జీతం తీసుకుని ఆడతాడు” అన్నారట. తల్లి ససేమిరా అన్నది. తండ్రికి ఏమీ పాలుపోలేదు.

“పోరడు పొడుగున్నడు సారూ. పొడుగుంటె సాలు, మిగిలింది మేం జూసుకుంటం అంటున్నరు. నిజమేనా?” అని అడిగాడు.

అంతవరకు గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రవాడు మెల్లిగా నోరు విప్పాడు. “సారూ, పంజాబుల ఒక పోరడు గిట్లనే పొడుగుండెనట. అమెరికా పోయి ఎన్.బి.ఎ.ల ఆడిండట గద!”

“ఆ కథ నాకు తెలుసురా. కాని నీకు ఎవరో సగమే చెప్పారు. మిగతా సగం కూడా విను,” అన్నాను. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ముందు ఆట సంగతి. మన చెడుగుడు, కోతికొమ్మచ్చి ఎప్పుడు పుట్టాయో, ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. బాస్కెట్‌బాల్ సంగతి అలాకాదు. దాన్ని పుట్టించినవాడు ఒక బడిపంతులు. అందుకే నాకు ఆ ఆటంటే కొంచెం అభిమానం. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. కెనడాలో పుట్టి, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊళ్ళో వ్యాయామం నేర్పేవాడు. 1891 చలికాలంలో బయట మంచు. పిల్లలు లోపల కూర్చుని విసుగెత్తి అల్లరి చేస్తున్నారు. నాలుగు గోడల మధ్య ఆడే ఆట ఏదైనా కల్పించమని పైవారు ఆయనకు చెప్పారు. ఆయన పీచ్ పండ్లు పోసే రెండు బుట్టలు తెప్పించి, హాలుకు రెండు చివర్లా ఉన్న వసారా పిట్టగోడకు మేకులతో కొట్టించాడు. ఆ పిట్టగోడ నేల నుంచి 10 అడుగుల ఎత్తున ఉన్నది. బుట్ట పది అడుగుల ఎత్తున ఉండటానికి అంతకు మించిన కారణం ఏమీ లేదు! అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ఎత్తు మారలేదు. బుట్ట అడుగు మూసి ఉండేది కనుక, బంతి పడ్డప్పుడల్లా ఒకరు నిచ్చెన ఎక్కి తీయవలసి వచ్చేది. అడుగు తీసేస్తే సరిపోతుందన్న ఆలోచన వెంటనే ఎవరికీ తట్టలేదు. పెద్దవాళ్ళకు కూడా అలాంటివి ఆలస్యంగానే తడతాయి.

బుట్ట అంత ఎత్తున ఉన్నప్పుడు పొడుగువాడికి లాభమే గదా అంటారు. నిజమే. ఎంత లాభమో ఇంట్లో ఒక జల్లెడ తీసుకుని చూడండి. దాన్ని నేలమీద పెట్టి సరిగా పైనుంచి చూస్తే గుండ్రంగా కనిపిస్తుంది. కాస్త పక్కకు తప్పుకుని చూస్తే కోడిగుడ్డులా అగుపిస్తుంది. కంటికి సమానమైన ఎత్తులో పట్టుకుంటే సన్నని గీత మాత్రమే మిగులుతుంది. జల్లెడ మారలేదు, మీరు చూసే వాలు మారింది. బంతికి కూడా బుట్ట అలాగే “కనిపిస్తుంది”. బుట్ట చక్రం వెడల్పు 45 సెంటీమీటర్లు, బంతి వెడల్పు సుమారు 24 సెంటీమీటర్లు. పై తరగతుల పిల్లలు లెక్క కట్టి చూడండి: 32 డిగ్రీల కంటె తక్కువ వాలులో వచ్చే బంతి ఇనుప చక్రానికి తగలకుండా లోపల పడలేదు. పొట్టివాడు బంతిని బాగా ఎత్తుగా విల్లులా విసరాలి. చేతులెత్తి చిన్న గెంతు గెంతితే బుట్ట అంచు అందుకునేవాడికి ఆ బెడదే లేదు. పైనుంచి వేసేస్తాడు.

ఇక పంజాబు కుర్రవాడి దగ్గరికి వద్దాం. అతని పేరు సత్నాం సింగ్. బర్నాలా జిల్లాలో బల్లో కే అనే చిన్న పల్లెలో 1995 డిసెంబరు 10వ తేదీన పుట్టాడు. తండ్రి బల్బీర్ సింగ్ రైతు. పిండిమర కూడా నడిపేవాడు. ఆ తండ్రి ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు! ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడమని చెప్పినవాళ్ళు ఉన్నారు. కాని ఇంట్లో ఒప్పుకోలేదు. పొలం ఎవరు చూస్తారన్నారు. ఆయన పొలంలోనే ఉండిపోయాడు. కొడుకు కూడా తనలాగే పెరిగిపోవటం చూసి, ఈసారి మటుకు వద్దనదలచుకోలేదు. ఇంటి ఆవరణలోనే ఒక బుట్ట కట్టించి, పిల్లవాడికి పదేళ్ళ ప్రాయంలో లుధియానా బాస్కెట్‌బాల్ అకాడమీకి పంపాడు.

ఆ అకాడమీలో ఎస్. సుబ్రహ్మణ్యన్ అనే శిక్షకుడు ఉండేవాడు. పొడుగు పిల్లల్ని వెదికి తెచ్చి, వాళ్ళకు నడక దగ్గర్నుంచి నేర్పినవాడు. నడక నేర్పటమేమిటని నవ్వకండి. ఇటుక ఆకారంలో ఒక మట్టి దిమ్మ చేసి, తరువాత పొడుగు, వెడల్పు, ఎత్తు అన్నీ రెండింతలు చేసి మరొకటి చెయ్యండి. అడుగు భాగం నాలుగింతలు అవుతుంది. బరువు మటుకు ఎనిమిదింతలు అవుతుంది. అంటే శరీరం పెరిగిన కొద్దీ, మోయవలసిన బరువు మోసే కాళ్ళ కంటె త్వరగా పెరుగుతుందన్నమాట. చాలా పొడుగు పిల్లలకు మోకాళ్ళు నొప్పులు పుట్టటం, పరుగు తడబడటం చూస్తూనే ఉంటాం. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడుగు. ఆట సాగినంతసేపు ఆ చివరినుంచి ఈ చివరికి పరుగెత్తుతూనే ఉండాలి. బుట్ట కింద నిలబడి ఉంటే సరిపోదు.

2010లో, 14 ఏళ్ళ వయసులో, సత్నాం మరికొందరు భారతీయ పిల్లలతో పాటు ఉపకారవేతనం మీద అమెరికాలోని ఫ్లోరిడాకు, ఐ.ఎం.జి. అకాడమీకి వెళ్ళాడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఆటలో శిక్షకుడు అరిచి చెప్పేది అర్థం కాదు, తరగతిలో పాఠం అర్థం కాదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పెద్ద శరీరం ఉన్న పిల్లవాణ్ణి చూసి మనమంతా పెద్దవాడనే అనుకుంటాం. ఆరడుగుల తొమ్మిదో తరగతి కుర్రవాడు తప్పు చేస్తే, నాలుగున్నర అడుగుల వాడి కంటె ఎక్కువ చీవాట్లు తింటాడు. లోపల ఉన్నది 14 ఏళ్ళ పిల్లవాడే. ఇది పిల్లల కోసం కాదు, ఈ పేజీ చదివే తల్లిదండ్రుల కోసం, మా ఉపాధ్యాయుల కోసం రాస్తున్నాను.

అయినా అతను అయిదేళ్ళు నిలబడ్డాడు. మధ్యలో 2011లో, ఇంకా 15 ఏళ్ళుండగానే, భారత పెద్దల జట్టు తరఫున ఆసియా పోటీల్లో ఆడాడు. 2015 జూన్ 25వ తేదీన న్యూయార్కులో ఎన్.బి.ఎ. వారి ఎంపిక జరిగింది. మీరు చెడుగుడు ఆడేముందు ఇద్దరు నాయకులు నిలబడి “నాకు వీడు, నాకు వాడు” అని ఎంచుకుంటారు చూడండి, అదే పద్ధతి. 30 జట్లు, రెండు విడతలు, మొత్తం 60 పేర్లు. 52వ పేరుగా డాలస్ మావరిక్స్ జట్టు సత్నాం సింగ్‌ను ఎంచుకున్నది. భారతదేశంలో పుట్టినవాణ్ణి ఎన్.బి.ఎ. ఎంచుకోవటం అదే మొదటిసారి. ఆ రోజున పత్రికలన్నీ ఆ కబురే వేశాయి. బల్లో కే పల్లెలో పండుగ చేసుకున్నారు. లుధియానాలో అతనికి నేర్పిన సుబ్రహ్మణ్యన్ ఆ రోజును చూడలేదు, 2013లోనే చనిపోయాడు.

మా కుర్రవాడు విన్న కథ ఇక్కడితో ఆగిపోయింది. కాని సత్నాం సింగ్ ఎన్.బి.ఎ. ఆట ఒక్కటి కూడా ఆడలేదు.

ఇది చెప్పగానే మా కుర్రవాడి ముఖం చిన్నబోయింది. “మరి తీసుకున్నరు గద సారూ?” అన్నాడు.

తీసుకున్నారు. ఎంచుకోవటం వేరు, ఆటలో దింపటం వేరు. డాలస్ వారికి అనుబంధంగా టెక్సాస్ లెజెండ్స్ అనే చిన్న జట్టు ఉన్నది. దాని కోర్టు డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊళ్ళో. మన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, మీలో కొందరికి బాబాయిలో, మేనమామలో ఉన్నా ఉండవచ్చు. సత్నాం 2015 నుంచి 2017 దాకా ఆ జట్టులో ఉన్నాడు. ఎక్కువ ఆటలు బెంచీ మీద కూర్చునే గడిచాయి. సగటున ఆటకు రెండు పాయింట్లు కూడా రాలేదు.

ఎందుకని? సోమరితనమా? కాదు. అసలు ఆటే మారిపోతున్నది. అతని ఎంపికకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, 2015 జూన్ 16న, ఆ యేటి ఎన్.బి.ఎ. విజేతగా గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు నిలిచింది. తుది పోటీలో మొదటి మూడు ఆటల్లో రెండు ఓడిపోయి ఉన్న ఆ జట్టు ఏం చేసిందో తెలుసా? ఏడడుగుల ఆండ్రూ బోగట్‌ను పక్కన కూర్చోబెట్టి, అతని కంటె ఆరు అంగుళాలు పొట్టివాడైన ఆండ్రీ ఇగ్వడాలను మొదటినుంచి దింపింది. వరుసగా మూడు ఆటలూ గెలిచింది! దూరాన ఉన్న గీత వెనుకనుంచి వేస్తే మూడు పాయింట్లు వస్తాయి. అక్కడినుంచి గురి తప్పకుండా వేసేవాళ్ళూ, ఆగకుండా పరుగెత్తేవాళ్ళూ కావాలని అన్ని జట్లూ అనుకోసాగాయి. బుట్ట కింద కోట గోడలా నిలబడే భారీ మనిషి అవసరం తగ్గిపోయింది. పదేళ్ళపాటు ఏ పనికోసం సత్నాంను తయారుచేశారో, అతను తయారై వచ్చేసరికి ఆ పనికే గిరాకీ తగ్గింది.

ఈ మాట వినగానే మా కార్మికుడు తల ఊపాడు. “మా బాయిల గూడ గంతే సారూ. తట్ట, చెమ్మస్ పట్టేటోళ్ళ కాడికి మిషిన్లు వచ్చినయి,” అన్నాడు. నేను చెప్పిన దానికంటె ఆయన చెప్పిందే బాగా ఉన్నది.

2017లో సత్నాం స్వదేశం వచ్చి భారత జట్టుకు ఆడాడు. 2018లో కామన్వెల్తు పోటీలు ఆడాడు. తరువాత కెనడాలో సెయింట్ జాన్స్ ఎడ్జ్ అనే జట్టు అతన్ని జీతానికి తీసుకున్నది. అంతలో పెద్ద దెబ్బ తగిలింది. 2019 నవంబరులో, మందు పరీక్షలో అతని శరీరంలో హైజెనమైన్ అనే నిషిద్ధ పదార్థం ఉన్నదని తేలి, ఆటనుంచి తాత్కాలికంగా తప్పించారు. అతను విచారణ కోరాడు. 2020 డిసెంబరులో రెండేళ్ళ నిషేధం ఖాయమైంది.

ఈ హైజెనమైన్ సంగతి కొంచెం చెప్పాలి. అది ఏదో రహస్య ప్రయోగశాలలో పుట్టిన విషం కాదు. కొన్ని మొక్కల్లో సహజంగా ఉంటుంది. మన తామర గింజ పగలగొడితే మధ్యన చేదుగా పచ్చని మొలక కనిపిస్తుంది చూడండి, అందులో కూడా ఉంటుంది. గుండెను వేగంగా కొట్టుకునేటట్టు, ఊపిరి గొట్టాలు విప్పారేటట్టు చేస్తుంది. బలం వస్తుందని డబ్బాల్లో అమ్మే పొడులు కొన్నిటిలో దీన్ని కలుపుతారు. డబ్బా మీద ఆ పేరు ఉండవచ్చు, ఉండకపోవచ్చు, మరొక పేరుతో ఉండవచ్చు. సత్నాం శరీరంలోకి ఎలా వచ్చిందన్న దాని గురించి నేను తీర్పు చెప్పను. కాని క్రీడల నియమం చాలా కఠినమైనది: ఆటగాడి ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే. తెలిసి తిన్నా, తెలియక తిన్నా పరీక్ష గొట్టంలో ఒకే రంగు. మంచిర్యాలలో గాని, గోదావరిఖనిలో గాని వ్యాయామశాలల పక్క కొట్లలో ఇప్పుడు ఇలాంటి డబ్బాలు బారులు తీరి ఉంటున్నవి. పదో తరగతి పిల్లలు కూడా కొంటున్నారు. నాకు అది చూస్తే భయం వేస్తుంది.

నిషేధం గడువు 2021 నవంబరులో తీరింది. ఆ సంవత్సరమే అతను అమెరికాలో ఎ.ఇ.డబ్ల్యు. అనే వినోదపు కుస్తీ సంస్థలో చేరాడు. 2022 ఏప్రిల్లో మొదటిసారి ఆ బరిలో కనిపించాడు. మన ఊరి జాతరలో పట్టే కుస్తీ వేరు, ఇది వేరు, ఇందులో నాటకం పాలు ఎక్కువ. అయినా అందులోనూ ఒళ్ళు హూనమవుతుంది. పొడుగు మళ్ళీ పనికి వచ్చింది, మరొక చోట, మరొక విధంగా.

ఇదంతా విని మీరు నిరుత్సాహపడకండి. సత్నాం వెనుకనే లుధియానా అకాడమీనుంచి వచ్చిన మరో పంజాబీ కుర్రవాడు ప్రిన్స్‌పాల్ సింగ్. మొదట వాలీబాల్ ఆడినవాడు. ఢిల్లీ పరిసరాల్లో 2017లో తెరిచిన ఎన్.బి.ఎ. అకాడమీలో, ఆ తరువాత ఆస్ట్రేలియాలో నేర్చుకున్నాడు. 2021 ఆగస్టులో సాక్రమెంటో కింగ్స్ జట్టు ఎన్.బి.ఎ. వేసవి పోటీ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. అసలు పోటీల్లో మటుకు ఇతనికీ తలుపు తెరుచుకోలేదు. అదే సాక్రమెంటో జట్టు తరఫున 2015 ఏప్రిల్లో సిమ్ భుల్లర్ మూడు ఆటలు ఆడాడు. అతని తల్లిదండ్రులు పంజాబువారే గాని, అతను పుట్టింది కెనడాలో. మన హైదరాబాదు పేరుతో కూడా ఫాల్కన్స్ అనే జట్టు 2025లో భారతదేశపు కుర్రకారు లీగులో ఆడింది. జీతం తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడటం మన దగ్గర ఇప్పుడిప్పుడే మొదలవుతున్నది. అది నిలబడుతుందా, మనకు ఇంకా తెలియదు.

కథ అయిన తరువాత తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అయితే పంపొద్దంటరా సారూ?” అన్నాడు.

నేను జవాబు చెప్పే ముందు నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. చాలా ఏళ్ళ క్రితం నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న ఒక బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఒకతె బాగా ఆడేది. రాష్ట్ర జట్టు శిబిరానికి రెండు వారాలు పంపమని కాగితం వచ్చింది. అప్పుడే పరీక్షలు. నేను సంతకం చెయ్యలేదు. ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. “సరే సార్” అని వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆమె బంతి ముట్టుకోగా నేను చూడలేదు. ఆ యేడు ఆమెకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో నాకు గుర్తులేదు. “సరే సార్” అన్న మాట మటుకు గుర్తున్నది.

అందుకని నేను పంపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. “ముందు నువ్వు ఒక దినం సెలవు పెట్టుకుని, అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని, ఆ చోటు కంటితో చూసి రా,” అన్నాను. “పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో చూడు. ఏం తింటున్నారో, ఏ పొడి తాగిస్తున్నారో అడుగు. పొద్దున ఆట అయ్యాక ఏ బడికి పోతున్నారో, ఆ బడి పంతుల్ని కలిసి మాట్లాడు. మోకాలు దెబ్బతిని ఇంటికి వచ్చిన పిల్లలు ఇంతకు ముందు ఎవరైనా ఉన్నారా, వాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు, అది కూడా అడుగు. ‘పొడుగుంటే చాలు’ అన్న మనిషిని మటుకు ఇంకేమీ అడగనక్కరలేదు.” మన ప్రభుత్వపు క్రీడా పాఠశాలలు హకీంపేటలో, కరీంనగరులో, ఆదిలాబాదులో ఉన్నవి గాని, అక్కడ నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. వీడికి ఆ వయసు దాటిపోయింది. చిన్న తరగతుల పిల్లల తల్లిదండ్రులు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

తండ్రి వచ్చే నెల వెళ్ళివస్తానన్నాడు. తల్లి ఇంకా మాట్లాడటం లేదట.

కుర్రవాడు మటుకు మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చాడు, చేతిలో తాపీమేస్త్రీ టేపుతో. వాళ్ళ బడి ఆటస్థలంలో ఒకే ఒక్క బాస్కెట్‌బాల్ స్తంభం ఉన్నది, ఎప్పుడో పాతింది. మరో కుర్రవాడి భుజాల మీద ఎక్కి దాని ఎత్తు కొలిచాడట. నేలనుంచి 9 అడుగుల 7 అంగుళాలే ఉన్నదట.

“నేల మెత్తగున్నది సారూ, స్తంభం కుంగింది. నేను ఇన్ని దినాలు తక్కువ బుట్టల ఏసుకుంట మురిసిన!” అన్నాడు.

వచ్చే ఆదివారం స్తంభం లేపి, అడుగున కంకర, సిమెంటు పోస్తున్నాం. వాళ్ళ నాన్నకు ఆ రోజు రెండో షిఫ్టు కనుక, పొద్దున్నే వచ్చి చెయ్యివేస్తానన్నాడు.